తన్ను తాను శంకించుకొను పరిశోధకురాలు



ఈ సాయంకాలము మీతో ఒక నవలను గూర్చి ముచ్చటింపవలెనని వచ్చితిని. అది అపరాధపరిశోధక నవల. కావున కథ యంతయు చెప్పను. దొంగ యెవడో ముందే చెప్పివేయువానికి మరల పుస్తకము ఎరువీయరాదని మా చిన్ననాటి మిత్రబృందములో ఒక కట్టుబాటు ఉండెడిది. దానికి నేనిప్పటికిని బద్ధుడనే. మీరు నిశ్చింతగా వినవచ్చును.

కాలిఫోర్నియా రాష్ట్రమున, సాన్ డియేగో నగరమునకు ఈశాన్యముగా, సముద్రపు చల్లగాలి అందని ఎండుకొండల నడుమ, బరోనా అను ఆదివాసుల రిజర్వేషన్ కలదు. ఆ కొండలలో ఒక పాడుపడిన ఇల్లు. ఆ ఇంటిలో ఒక పరుపు. ఆ పరుపునకు కట్టివేయబడి ఒక పసివాడు. వానికి నాలుగేండ్లుండును. వానిని మొదట చూచినది పైయూట్ తెగకు చెందిన ఆనీ గార్సియా అను వృద్ధురాలు. బాలుడు తెల్లవాడు, ఆ ప్రాంతపు బిడ్డ కాడు. వాడు పేరు చెప్పడు. ఊరు చెప్పడు. అడిగినదానికి బదులు పలుకడు. పలుకని బిడ్డను చూచిన పెద్దలు, పాపము, బుద్ధిమాంద్యము కల శిశువు కాబోలునని తలంతురు.

అట్లు తలంపనిది ఒక్కతె. ఆమె పేరు బార్బరా జోన్ బ్రాడ్లీ. అందరును బో అని పిలుతురు. సాన్ డియేగో బాలల న్యాయస్థానమునకు, అక్కడి శిశుసంరక్షణ విభాగము తరపున, బిడ్డలపై జరిగిన దౌర్జన్యములను విచారించి నివేదించుట ఆమె యుద్యోగము. ఆ బిడ్డ కంటిలోని చూపు ఆమె యెరిగిన చూపు. ఆమె చెల్లెలు లోరీ పుట్టుచెవిటిది. పసివాడు తెలివిలేనివాడు కాడు. వానికి చెవులు వినబడవు. అంతియే.

నవల పేరు చైల్డ్ ఆఫ్ సైలెన్స్. మౌనశిశువు అనుకొందము. వ్రాసినది అబిగేల్ పాడ్జెట్. 1993లో వెలువడినది. రచయిత్రి స్వయముగా సాన్ డియేగో కౌంటీ శిశుసంరక్షణ విభాగములో న్యాయస్థాన పరిశోధకురాలుగా పనిచేసినది. పిదప ఆ యుద్యోగము విడిచి, రచనకును, మానసిక వ్యాధిగ్రస్తుల పక్షమున మాటలాడుటకును తన కాలమును వెచ్చించినది. కావున ఈ నవలలోని ఫైళ్ళు, ఫోన్లు, కార్యాలయపు కాఫీ, పై అధికారిణి చీవాట్లు ఊహలో పుట్టినవి కావు. అనుభవించినవారు వ్రాసినట్లున్నవి.

ఇక అసలు విషయము. ఈ బో బ్రాడ్లీకి ఒక వ్యాధి కలదు. ఇప్పుడు దానిని బైపోలార్ వ్యాధి అందురు. అప్పట్లో మానిక్ డిప్రెషన్ అనెడివారు. ఒకప్పుడు ఉన్మాదోద్రేకము, ఒకప్పుడు అగాధమైన విషాదము. ఈ రెంటి నడుమ ఊయలవలె ఊగు మనస్సు. మరియొకమారు చెప్పుచున్నాను, ఏలయనగా రేడియోలో పుట వెనుకకు త్రిప్పుటకు వీలులేదు: ఇతరుల యిండ్లకు పోయి, ఈ బిడ్డ ఈ యింటిలో క్షేమముగా నున్నదా లేదా అని తేల్చవలసిన పరిశోధకురాలికే మనోవ్యాధి కలదు. ఈ ఒక్క వాక్యము గుర్తుంచుకొనుడు. తక్కినదంతయు దానినుండియే పుట్టినది.

అమెరికాలోని తెలుగు ఇండ్లలో శిశుసంరక్షణ విభాగము, అనగా సీపీఎస్, మాట ఎట్లు వినబడునో మీకు తెలియును. పిల్లవాడు అన్నము తినక మారాము చేయుచుండును. తల్లి చేయి లేచును. వెంటనే తండ్రి, గొంతు తగ్గించి, "వద్దు వద్దు, సీపీఎస్ వాళ్ళొస్తారు" అనును. మన ఊళ్ళలో బూచివాడు చేయు పనిని ఇక్కడ సీపీఎస్ చేయుచున్నది. భేదమేమనగా, అక్కడ బూచివానికి పిల్లలు జడియుదురు, ఇక్కడ తలిదండ్రులు జడియుదురు.

ఆ జడుపును నేను పరిహసించుట లేదు. పిల్లవాడు బడిలో ఒంటిమీద వాతతో కనబడినచో, అనుమానము కలిగిన ఉపాధ్యాయుడు ఆ సంగతిని తెలిపి తీరవలెను. వైద్యుడును అంతే. అది వారి ఇష్టాయిష్టములపై ఆధారపడినది కాదు. చట్టము విధించిన బాధ్యత. తెలిపిన పిమ్మట ఒకరు వచ్చి తలుపు తట్టుదురు. ఆ తట్టినవారు బిడ్డను అప్పటికప్పుడు తీసికొనిపోవలసి వచ్చినచో, కాలిఫోర్నియాలో సెలవుదినములు మినహాయించి 48 గంటలలోపల న్యాయస్థానములో పిటిషన్ వేయవలెను. వేయనిచో బిడ్డను ఇంటికి పంపివేయవలెను. కావున ఆ యుద్యోగి చేతిలో ఉన్నది రెండు దినములు. ఒక కారు, ఒక ఫైలు, రెండు దినములు. ఇరుగుపొరుగులను, వైద్యులను, ఆ బిడ్డను, ఆ తల్లిని, అందరిని చూచి, అందరిని విని, ఒక కుటుంబపు తలవ్రాతను కాగితముపై వ్రాయవలెను.

అపరాధపరిశోధక నవలకు ఇంతకు మించిన ఇరుకైన రంగస్థలము దొరకునా? శవము దొరకిన పిమ్మట ఆరంభమగునది సామాన్యమైన డిటెక్టివ్ కథ. ఇక్కడ బిడ్డ ఇంకను బ్రతికియున్నది. పరిశోధకురాలు తప్పు చేసినచో ఇకముందు చచ్చును.

ఈ యుద్యోగమునకు వెనుక పెద్ద చరిత్ర యున్నది. అంతయు చెప్పను; ఒక్క బాలిక కథ చెప్పెదను. 1874లో న్యూయార్కులో మేరీ ఎలెన్ అను పదేండ్ల పిల్లను పెంపుడుతల్లి కొట్టి, తిట్టి, గదిలో బంధించి యుంచినది. ఎట్టా వీలర్ అను ఒక పరోపకారిణి ఆ సంగతి విని, ఎక్కని గుమ్మము లేదు. చివరకు ఆమె ఆశ్రయించినది ఎవరిని? జంతుహింసను మాన్పుటకై సంఘము స్థాపించిన హెన్రీ బెర్గ్ అను పెద్దమనిషిని. గుఱ్ఱములను కొట్టినవానిని శిక్షింపజేయుటకు సంఘమున్నది; బిడ్డను కొట్టినవారి నడుగుటకు అప్పటికి సంఘము లేదు. ఆయన తన సంఘపు న్యాయవాది ఎల్‌బ్రిడ్జ్ గెరీని పురమాయించెను. బాలికను కంబళిలో చుట్టి న్యాయస్థానమునకు తెచ్చిరి. మొగముమీద కత్తెర గాటు. పెంపుడుతల్లికి ఏడాది శిక్ష పడినది. ఆ కేసు పుణ్యమాయని అక్కడ బాలలపై క్రూరత్వమును నివారించు సంఘము ఏర్పడినది. ఆ పిల్ల ఏమైనది అని అడుగుదురు గదా? పెరిగి, పెండ్లాడి, పిల్లలను పెంచి, 1956 వరకు జీవించినది.

అటుపిమ్మట ఎంతో కాలము గడచినది. 1962లో హెన్రీ కెంప్ అను వైద్యుడును ఆయన సహచరులును, ఎక్స్‌రే చిత్రములలో మాని, మరల విరిగిన పసియెముకలను చూపి, ఇవి మంచముమీదనుండి పడిన దెబ్బలు కావు, పెద్దల చేతి దెబ్బలని వైద్యలోకమును ఒప్పించిరి. 1974లో కేంద్రప్రభుత్వము చట్టము చేసెను. బో బ్రాడ్లీ కూర్చున్న కుర్చీ అట్లు వచ్చినది.

ఇక ఆమె వ్యాధి సంగతి. మన వారిలో ఈ వ్యాధి లేదా? ఉన్నది. పేరే లేదు. "వాడికి కొంచెం కోపమెక్కువ", "ఆ పిల్లకి నరాల బలహీనత", "గాలి సోకింది". ఇన్ని మాటలున్నవి, ఒక్కటియు ఆ వ్యాధి పేరు కాదు. పరిహాసమునకైతే మాత్రము హైదరాబాదువారికి ఎర్రగడ్డ యున్నది, విశాఖవారికి చినవాల్తేరున్నది. తగవులాడుకొన్న మిత్రులు ఒకరినొకరు అక్కడికి పంపించుకొందురు. అక్కడి మానసిక వైద్యశాలలలో నిజముగా నయమై ఇంటికి వచ్చినవారిని గూర్చి మాత్రము ఎవ్వరును మాటలాడరు.

నేను కన్నులార చూచినదొకటి చెప్పెదను. పేరులు, ఊరులు అక్కరలేదు. ఒక తెలిసినవారింట పెండ్లి సందడి. వంటగదిలో ఆ యింటి తల్లి ఒక్కతియే నిలుచుండి, ఒక నారింజరంగు మందులసీసాలోని మాత్రలను ఒక్కొక్కటిగా లెక్కించి, విటమిన్ మాత్రల డబ్బాలోనికి మార్చుచుండెను. కుమార్తె పేరుగల కాగితమును సీసామీదనుండి గోటితో గీకి తీసి, నీళ్ళలో తడిపి, ఉండచేసి చెత్తబుట్టలో వేసెను. ఆమె చేతులు వణకుట లేదు. అలవాటైన పనివలె చేయుచుండెను. నన్ను చూచి, "విటమిన్లండీ" అనెను. నేను "అవునమ్మా" అంటిని. ఇన్నాళ్ళకు, ఈ నవల చదువునప్పుడు, ఆ డబ్బా నాకు పదేపదే గుర్తుకు వచ్చినది.

ఆ సీసాలో ఏ మందుండెనో నాకు తెలియదు. బో బ్రాడ్లీ సీసాలో ఉన్నది లిథియము. ఈ మందు కథ కూడ ఒక డిటెక్టివ్ కథయే. లిథియము లోహములలోకెల్ల తేలికైనది. ఆ పేరునకు మూలము గ్రీకుభాషలో రాయి అను మాట. 1940ల చివర ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అను వైద్యుడు, యుద్ధఖైదీగా జపానువారి చెరలో ఏండ్లు గడిపి వచ్చినవాడు, ఒక ఆసుపత్రిలో వాడుకలేని వంటగది వంటి చోట గినీపందులకు లిథియపు లవణమును ఎక్కించి చూచెను. గంతులిడు జంతువులు వెల్లకిల పండుకొని ప్రశాంతముగా చూచుచుండెనట. పిమ్మట తానే మ్రింగి చూచుకొనెను. ఆపైన పదిమంది ఉన్మాదరోగుల కిచ్చెను. ఏండ్ల తరబడి కేకలు వేయుచున్నవాడు కొన్ని వారములలో శాంతించి మనుష్యులతో మాటలాడసాగెను. ఈ ఫలితములను ఆయన 1949లో ప్రకటించెను. కాని ఆ సంవత్సరమే అమెరికాలో, గుండెజబ్బువారికి ఉప్పునకు బదులుగా అమ్మిన లిథియపు ఉప్పు కొందరి ప్రాణములు తీసినది. అందుచేత ఈ దేశము భయపడినది. 1970 వరకు ఆ మందునకు ఇక్కడ అనుమతి రాలేదు. ఇంకొక వింత: మీరు త్రాగు సెవెన్-అప్ పానీయము 1929లో పుట్టినప్పుడు అందులో లిథియమున్నది, తరువాత దానిని తీసివేసిరి. ఏనాటి చిత్రమో చూడుడు.

లిథియము వేసికొన్నవారికి దాహము హెచ్చును. చేతులు సన్నగా వణకును. ఎప్పటికప్పుడు రక్తపరీక్ష చేయించుకొనుచుండవలెను. తక్కువైనచో పనిచేయదు, ఎక్కువైనచో విషము. ఇవియన్నియు ఓర్చుకొనవచ్చును. ఓర్చుకొనలేనిది మరియొకటి. కొండయెక్కిన మనస్సును మందు క్రిందికి దింపును. దిగివచ్చినవారికి నేల చప్పగా నుండును. అందుచేతనే చాలమంది మానివేయుదురు. మానుటయా, వేసికొనుటయా అను ఈ తర్జనభర్జన ఈ నవలలో ఒక పాత్రవలె వెంటవెంట నడచును.

ఇప్పుడు నేను చెప్పవలెనని వచ్చిన మాటకు వచ్చుచున్నాను.

ఉన్మాదోద్రేకము ఆరంభమగునప్పుడు ఏమగును? నిద్ర తగ్గును. రంగులు మెరయును. మాట పరుగెత్తును. అన్నింటికంటె ముఖ్యముగా, ప్రతిదానికి ఒక అర్థము తోచును. ఎదుట పోవు కారు నంబరు, ఎవరో పాడుకొనుచున్న పాట, కిటికీపై వ్రాలిన పక్షి, ఇవియన్నియు తనకే ఏదో చెప్పుచున్నట్లు తోచును. వ్యాధి లక్షణమది.

మరి అపరాధపరిశోధక నవల లక్షణమేమి? అదియే! ఆ లోకములో పారవేసిన సిగరెట్టు ముక్కకు అర్థమున్నది. ఆగిపోయిన గడియారమునకు అర్థమున్నది. మొరగని కుక్కకు అర్థమున్నది. అర్థములేని వస్తువు ఆ లోకములో లేనేలేదు. అనగా, శ్రోతలారా, ఏ చూపును వైద్యుడు వ్యాధి యనునో, ఆ చూపునే మనము డిటెక్టివు ప్రతిభ యని మెచ్చుకొనుచున్నాము. ఈ రెంటికిని గల పోలికను పట్టుకొన్నదే అబిగేల్ పాడ్జెట్ గొప్పతనము.

కావున బో బ్రాడ్లీకి ఒక ఆధారము కనబడినప్పుడు ఆమె వేసికొనవలసిన మొదటి ప్రశ్న, నేరస్థుడు ఎవడు అని కాదు. ఇది ఆధారమా, నా వ్యాధియా? ఈ భయము నిజమా, నిద్రలేమియా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొన్న పిదపనే ఆమె కారు తాళము చేతికి తీసికొనును. మరల చెప్పుచున్నాను. తక్కిన పరిశోధకులు లోకమును శంకింతురు. ఈమె మొదట తన్ను శంకించుకొని, తరువాత లోకమును శంకించును.

మన డిటెక్టివ్ యుగంధర్‌ను తలచుకొనుడు. కొమ్మూరి సాంబశివరావు గారు సృష్టించిన ఆ మహానుభావుని కొరకు మేము అద్దె పుస్తకాల దుకాణము ముందర ఎండలో నిలుచుండెడివారము. యుగంధర్ పొరపడవచ్చును, దెబ్బ తినవచ్చును, ఆయన సహాయకుడు రాజు ప్రమాదములో చిక్కుకొనవచ్చును. కాని తన బుద్ధి తనను మోసము చేయునేమో యని యుగంధర్ ఒక్కరాత్రియైనను మేలుకొని యుండలేదు. షెర్లాక్ హోమ్స్ కొకెయిన్ తీసికొనెడివాడు, నిజమే. విసుగుపుట్టి తీసికొనెడివాడు, సందేహము పుట్టి కాదు. బుద్ధి వారి ఆయుధము. ఆయుధమును శంకించు సైనికుడు యుద్ధము చేయునా? బో చేయును. ప్రతిదినము చేయును.

ఆ చెవిటి బాలుని గుర్తించిన ఘట్టమునకు ఇందుకే అంత బలమున్నది. చెవులు వినబడని పసివాని ముందర మీరెప్పుడైన కూర్చున్నారా? వాని కన్నులు ఒక్కచోట నిలువవు. మీ పెదవులు, మీ చేతులు, మరల మీ పెదవులు. మీ కనుబొమ కదలినచో అటు. గది మొత్తమును కన్నులతో వినుచుండును. తెలియనివారికి అది చాంచల్యము. తెలిసినవారికి అది శ్రద్ధ. బోకు తెలియును, ఏలయనగా ఆ చూపుతో ఒక చెల్లెలు తనతో కలసి పెరిగినది. ఆ చెల్లెలు ఇప్పుడు లేదు. తన ప్రాణము తాను తీసికొన్నది. అందుచేత బో ఆ బిడ్డను చూచినప్పుడు గుర్తుపట్టినది ఒక లక్షణమును మాత్రమే కాదు. చేతుల భాష, అమెరికాలో సైగలతో మాటలాడు భాష, సంపూర్ణ వ్యాకరణముగల భాష యని విలియమ్ స్టోకీ అను పండితుడు 1960లోనే నిరూపించి యుండెను. అయినను ఆ భాష అందని బిడ్డను మందబుద్ధి యనువారు తరువాతి తరములలోను ఉండిరి. ఆ పసివానికి లేనిది బుద్ధి కాదు, తనతో మాటలాడువారు.

కథలో ముందుకు పోయినకొలది వేగము హెచ్చును. ఆసుపత్రిలోనే ఆ బాలుని ప్రాణమునకు ముప్పు వాటిల్లును. బో నియమములను ప్రక్కనబెట్టి వానిని కాపాడబూనును. కథ యొక్క మూలము ఎక్కడో దూరముగా, ధనము, రాజకీయము కలసిన చోట కలదు. అంతకుమించి చెప్పను. ఆమెకు తోడుగా ఇద్దరున్నారు. ఒకతె ఎస్ట్రెల్లా బెనెడిక్ట్, తోడి యుద్యోగిని, బోను లోతుగా ఎరిగిన స్నేహితురాలు. రెండవవాడు ఆండ్రూ లామార్ష్, పిల్లల వైద్యుడు. ఆయన మాటలో లూసియానా వాసన యున్నది. ఇంక మిల్‌డ్రెడ్ అను ముసలి కుక్క కలదు. కుక్కలను ఇష్టపడనివారు కూడ మిల్‌డ్రెడ్‌ను ఇష్టపడుదురు. నేను వారిలో ఒకడను.

నాకు నచ్చనివి లేకపోలేదు. దుష్టులను రచయిత్రి మరీ మసిబూసి చూపును. అంతటి తెలివైన రచయిత్రి వారికి ఒక్క మంచి గడియనైన ఇచ్చియుండవచ్చును. యాదృచ్ఛికములు కొన్ని ఎక్కువ. వ్యాధిని అక్కడక్కడ దివ్యదృష్టివలె చూపుట నాకు అంగీకారము కాదు. వ్యాధి వరము కాదు. వ్యాధితో బ్రదుకువారి ఇంటిలో పెరిగిన పిల్లల నడుగుడు.

పై అధికారిణి మాడ్జ్ ఆల్డెన్‌హోవెన్ విషయములో కూడ నాకు రచయిత్రితో తగవున్నది. ఆమె నియమావళి తప్ప మరియొకటి ఎరుగనిది. పాఠకులు ఆమెను ద్వేషింతురు. నాకు మాత్రము జాలి. ఆ నియమావళి వట్టి మొండితనముచేత పుట్టినది కాదు. 1992లో సాన్ డియేగో కౌంటీ గ్రాండ్ జ్యూరీ, ఈ శిశుసంరక్షణ వ్యవస్థ తలిదండ్రులను ముందే దోషులుగా భావించి, కుటుంబములను అకారణముగా విడదీయుచున్నదని తీవ్రముగా నిందించుచు నివేదిక ప్రకటించెను. అంతకు ముందే లాస్ ఏంజెలెస్ దాపున మాక్‌మార్టిన్ శిశుపాఠశాల కేసు జరిగెను. సైతానుపూజలు, సొరంగములు, వినరాని కథలు. పసిపిల్లలను మరల మరల ప్రశ్నించి రాబట్టిన కథలు. ఏండ్ల తరబడి సాగి 1990లో ఆ కేసు ముగిసినప్పుడు ఒక్కరిపైనను నేరము ఋజువు కాలేదు. ఈ రెండు తప్పులును కన్నులముందున్నవి. బిడ్డను వదలినచో చచ్చునేమో. తీసికొన్నచో ఒక నిర్దోషియైన తల్లి కడుపు మండునేమో. ఇందుకే నియమావళి. మాడ్జ్ తన భయమును ఆ పుస్తకములో దాచుకొన్నది. బో తన భయముతో కారులో తిరుగుచున్నది.

రచయిత్రికి ఇది తెలియకపోలేదు. బో కథల వరుసలో రెండవ నవల, 1994 నాటి స్ట్రాగర్ల్‌లో, ఈ సైతాను భయమునే ఆమె కథావస్తువుగా తీసికొన్నది. ఊరంతయు పూనకము వచ్చినట్లు ఊగిపోవుచుండగా, వైద్యపరిభాషలో ఉన్మాదిని యని పేరుపడిన స్త్రీ యొక్కతె నిలుకడగా ఆలోచించును. ఈ వ్యంగ్యము నాకు మిక్కిలి నచ్చినది. 1995లో టర్టిల్ బేబీ, మెక్సికో సరిహద్దుకు అటునిటు నడచు మాయా శిశువు కథ. 1996 నాటి మూన్‌బర్డ్ బాయ్‌లో బో స్వయముగా విషాదములో మునిగి, ఆదివాసుల నేలమీది ఒక విశ్రాంతిగృహములో కోలుకొనుచుండును. పరిశోధకురాలే రోగిగా పడియుండగా కథ ఆరంభమగుట అరుదు. 1997లో ది డాల్‌మేకర్స్ డాటర్స్. అంతటితో ఐదు. అన్నియు ఒక్కటే ఎత్తు కావు. మొదటిదియు నాల్గవదియు నా ఓటు.

మన కళలలో మనోవ్యాధికి చోటు లేదా అని అడుగుదురేమో. ఉన్నది. 1960లో చివరకు మిగిలేది అను చిత్రము వచ్చినది. బుచ్చిబాబు నవలకును దానికిని పేరులోనే పోలిక. అందులో సావిత్రి మానసిక వైద్యశాలలో నర్సు. రోగిని ప్రేమతో బాగుచేసి, ఆ ప్రేమ నటన యని చెప్పుకొనలేక, చివరకు తానే మతి తప్పును. ఆ చిత్రము చూచి ఏడ్వనివారు లేరు. కాని గమనింపుడు: అక్కడ వ్యాధి వచ్చుటతో కథ ముగియును. తెర పడును. దీపములు వెలుగును. మనము కన్నులు తుడుచుకొని ఇంటికి పోదుము. ఆ నర్సు మరునాడు ఏమైనది, నెలనాళ్ళకు ఏమైనది, మరల ఉద్యోగమునకు వచ్చినదా? మనము అడుగలేదు. పాడ్జెట్ నవల అక్కడ ఆరంభమగును. వ్యాధి వచ్చి పోయి మరల రాగల స్త్రీ, సోమవారమునాడు ఎనిమిది గంటలకు ఆఫీసునకు పోవలెను.

పోనిత్తురా? ఈ నవల వెలువడుటకు ముందు, 1990 జూలై 26న, వికలాంగుల హక్కుల చట్టముపై అధ్యక్షుడు బుష్ సంతకము చేసెను. ఉద్యోగములకు సంబంధించిన భాగము 1992లో అమలులోనికి వచ్చినది. మనోవ్యాధి కూడ ఆ చట్టపు నీడలోనిదే. పని చేయగలవారిని వ్యాధి పేరిట తొలగింపరాదు. చట్టము అట్లు చెప్పినది. ఆఫీసు నడవలలోని గుసగుసలను చట్టము ఏమియు చేయలేదు.

మొన్న ఈ కథను ఒక వృద్ధమిత్రురాలికి ఫోనులో చెప్పితిని. కొన్నేండ్లుగా ఈ దేశములో కుమారునివద్ద ఉన్న తల్లి ఆమె. ఓపికగా వినినది. పరుపునకు కట్టిన పిల్లవాడు, చెవిటితనము, పరుగులు, అన్నియు వినినది. నేను చివర ఆపి, దొంగ యెవడో అడుగునని ఎదురుచూచితిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిదప, గొంతు తగ్గించి, పక్కగదిలో ఎవరైన విందురేమో యన్నట్లు, "ఆఫీసులో తెలిసిందా అండీ? ఉద్యోగం పోయిందా?" అని అడిగినది.

"లేదమ్మా," అంటిని. "ఐదు నవలలదాకా ఉన్నది."

"అట్లయితే ఆ పుస్తకం పేరు మళ్ళీ చెప్పండి. మా కోడలిని లైబ్రరీలో అడగమంటాను," అనెను. పెన్సిలు కొరకు ఆమె సొరుగు లాగుచున్న చప్పుడు ఫోనులో వినబడినది.